కార్బరేటరు విప్పడమూ ఒక చదువే



తెలుగు పండితుడికి మోటారుసైకిలు కార్బరేటరుతో ఏమి పని అని మీలో కొందరికైనా అనిపించవచ్చు. జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పి విరమించుకున్నవాడు ఇప్పుడు చేతికి పెట్రోలు పూసుకోవడమేమిటని మా ఊళ్లోనూ కొందరు నవ్వుతుంటారు. అందుకని నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తరువాత విన్నవించుకుంటాను. పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక్కరైనా దాని కార్బరేటరును స్వయంగా విప్పి, కడిగి, తిరిగి బిగించడం నేర్చుకోవాలి. ఆ విద్యను మనం మన భాషలో రాసిపెట్టుకోవాలి. ఈ రెండు పనులకూ మనకున్న వ్యవధి తక్కువ.

వ్యవధి తక్కువ అనడానికి కారణం ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ తరువాత వచ్చిన కొత్త మోటారుసైకిళ్లలో దాదాపు అన్నింటిలోనూ పెట్రోలును కొలిచి పోసే పని చిన్న కంప్యూటరు చెప్పినట్టు నడిచే ఇంజెక్టరుకు దక్కింది. కార్బరేటరు యుగం ముగిసింది. కానీ కార్బరేటరు బండ్లు ముగిసిపోలేదు. 1985లో హీరో హోండా సీడీ 100, 1994లో స్ప్లెండరు వచ్చినది మొదలు మూడున్నర దశాబ్దాల పాటు పల్లెలకు చేరిన నూరు సీసీ బండ్లు లెక్కకు మిక్కిలి. ఆ సీడీ 100 ప్రకటన పెట్రోలు నింపి, మూత వేసి, ఇక బండి సంగతి మరచిపొమ్మని చెప్పేది. అంత మన్నికైన బండి అని దాని భావం. మనం మాత్రం దానిని అక్షరాలా పాటించాము. బండి లోపల ఏమి జరుగుతుందో నిజంగానే మరచిపోయాము.

మా ఎర్రవల్లి 2016 అక్టోబరులో ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో, మర్కూక్ మండలంలో ఉంది. ఆ యేడు డిసెంబరులోనే ఇక్కడ డబుల్ బెడ్రూం ఇళ్ల గృహప్రవేశాలు జరిగాయి. 2020 మే నెలలో దగ్గరలోని కొండపోచమ్మ సాగర్‌లోకి గోదావరి నీళ్లు చేరాయి. ఇళ్లు మారాయి, నీటి వసతి మారింది. కానీ తెల్లవారుజామున పాలక్యాన్లనూ కూరగాయల మూటలనూ గజ్వేల్‌కు చేర్చే పని ఇంకా చాలామందికి పాత నూరు సీసీ బండే చేసిపెడుతోంది. ఆ బండి ఒక పూట మొరాయిస్తే ఆ పూట పాలు విరుగుతాయి. కనుక కార్బరేటరు గురించి మాట్లాడడం తీరుబడి ముచ్చట కాదు, బతుకుతెరువు మాట.

ఇంతకూ ఆ కార్బరేటరు చేసే పని ఏమిటి? పెట్రోలు ఒంటరిగా మండదు, గాలితో కలిసి మండుతుంది. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. ఇంకోలా చెప్పాలంటే ఒక లీటరు పెట్రోలు చక్కగా మండడానికి దాదాపు 9,000 లీటర్ల గాలి అవసరం. ఈ పాళ్లను బండి నిదానంగా నడిచినా, వేగంగా పరుగెత్తినా, ఎత్తు ఎక్కినా సరిచూసే పంచలోహ పాత్రలాంటి వస్తువు కార్బరేటరు. దానిలో విద్యుత్తు లేదు, మెదడు లేదు. ఉన్నదల్లా ఒక ఇరుకు గొంతు. గాలి ఆ ఇరుకులో దూరినప్పుడు వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. తగ్గిన చోటికి కింది గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రాల గుండా పైకి లేచి, తుంపరలై గాలిలో కలుస్తుంది. దోమలమందు కొట్టే పాత ఫ్లిట్ పంపు పనిచేసేదీ ఈ సూత్రం మీదనే.

ఈ సూత్రాన్ని బెర్నూలీ 1738లో గ్రంథస్థం చేశాడు. ఇరుకు గొంతులో ప్రవాహం సంగతిని ఇటలీ దేశస్థుడు వెంచూరి 1797లో ప్రకటించాడు. పెట్రోలును తుంపర చేసే కార్బరేటరును జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ 1893లో రూపొందించాడు. అంత పాత విద్య కనుకనే దానిని కంటితో చూసి అర్థం చేసుకోవచ్చు. ఇంజెక్టరు బండిలో లోపం ఎక్కడుందో చెప్పాలంటే మరో యంత్రాన్ని తగిలించాలి. కార్బరేటరులో లోపాన్ని మాత్రం కన్నూ చెవీ ముక్కూ పట్టేస్తాయి.

మొన్నటి వానకాలంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా వాడకట్టులో పాలు పోసే యువకుడొకడు మామగారి వైద్యం కోసం రెండు నెలలు నగరంలో ఉండిపోయాడు. తిరిగివచ్చేసరికి బండి మొండికేసింది. ఒక దుకాణంలో చూపిస్తే కార్బరేటరు మొత్తం మార్చాలన్నారట.

"సారూ, కిక్కు కొడితే స్టార్టయితది గని రేసు ఇడిస్తే బందయితది. చోకు గుంజి పెడితే మాత్రం మంచిగనే నడుస్తది" అన్నాడు.

"అయితే బిడ్డా, రోగమేందో బండే చెప్తున్నది. ముందు విప్పి చూద్దాం, కొనుడు సంగతి ఆనాక" అన్నాను.

బండి చెప్పినదేమిటంటే ఇది. చోకు లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. చోకుతో బాగా నడిచి, చోకు తీస్తే ఆగుతోందంటే పెట్రోలు తక్కువ అందుతోందన్నమాట. అదీ రేసు వదిలినప్పుడే ఆగుతోందంటే ఆ పూటకు పెట్రోలు అందించవలసిన పైలట్ జెట్టు పూడుకుపోయిందని అనుమానం. రెండు నెలలు కదలని పెట్రోలులో తేలికపాటి భాగం ఆవిరై, మిగిలినది బంకలా గడ్డకడుతుంది. పైలట్ జెట్టు రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. పూడడానికి ఆవగింజలో వంతు బంక చాలు. మా వరండా ముందర నడిపొద్దులోపల ఆ జెట్టు శుభ్రమైంది, బండి నిలకడగా నడిచింది. కొత్త కార్బరేటరు డబ్బు అతని జేబులోనే మిగిలింది.

దీనిలో నా గొప్ప ఏమీ లేదు. వరుస తెలిస్తే ఎవరైనా చేయగలరు. ఆ వరుసను ఇక్కడ ఉంచుతున్నాను.

అన్నిటికంటే ముందు కార్బరేటరు మీద చేయి వేయకండి. ట్యాంకులో పెట్రోలు ఉందా, కాక్ తెరిచి ఉందా చూడండి. స్పార్కు ప్లగ్గు తీసి రంగు చూడండి. కాఫీపొడి రంగు ఉంటే పాళ్లు సరిగా ఉన్నట్టు. మసిబారి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే గాలి ఎక్కువ. గాలి ఫిల్టరు దుమ్ముతో నిండినా ప్లగ్గు నల్లబడుతుంది, అప్పుడు దోషం కార్బరేటరుది కాదు. తరువాత కింది గిన్నెకు ఉండే డ్రెయిన్ మర వదులు చేసి, కారే పెట్రోలును ఒక డబ్బాలో పట్టండి. ధార నిలకడగా వస్తే సరే. కొద్దిసేపు వచ్చి ఆగిపోతే కాక్ జల్లెడలోనో, ట్యాంకు మూతకుండే గాలిరంధ్రంలోనో అడ్డు ఉంది. ఇవన్నీ బాగుండి కూడా బండి మొరాయిస్తేనే కార్బరేటరు దించాలి.

లక్షణాన్ని బట్టి భాగాన్ని గుర్తుపట్టవచ్చు. రేసు లేనప్పుడు ఆగిపోతే పైలట్ జెట్టు. నడిమి వేగంలో తడబడితే పైనుంచి వేలాడే పొడుగు సూది. పూర్తి రేసులో ఊపు అందకపోతే మెయిన్ జెట్టు. పెట్రోలు గొట్టం గుండా కారిపోతుంటే ఫ్లోటు, లేదా తలుపులా పనిచేసే ఫ్లోటు నీడిలు. మా చదువులో రోగలక్షణం చూసి దోషం చెప్పడమంటే వైద్యుడి పనే అనుకునేవాళ్లం. మెకానిక్కు చేసేదీ అదే.

ఇక విప్పే పని. ఆరుబయట, నీడపట్టున కూర్చోండి. పెట్రోలు ఆవిరి నేలబారుగా పాకుతుంది కనుక దరిదాపులలో పొయ్యి, బీడీ, అగరుబత్తి ఏదీ ఉండకూడదు. ఇంజను చల్లారి ఉండాలి. నేల మీద తెల్లగుడ్డ పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన క్రమంలోనే పేర్చండి. చేతిలో ఫోను ఉంటుంది కదా, ప్రతి అంచెకూ ఒక ఫోటో తీసుకోండి. మరలు మెత్తని లోహానివి. తలకు సరిపడని స్క్రూడ్రైవరు వాడితే గాడి అరిగిపోయి, గంట పని దినం పని అవుతుంది.

పక్కన ఉండే పైలట్ స్క్రూ తీయకముందు ఒక లెక్క రాసుకోవాలి. దానిని మెల్లగా, తగిలీ తగలనట్టు లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కాగితం మీద వేసుకోండి. తిరిగి బిగించేటప్పుడు అన్ని చుట్లే వదులు చేయాలి. బలంగా బిగిస్తే దాని మొన వంగుతుంది. పొడుగు సూదికి చిన్న క్లిప్పు ఉంటుంది. అది పైనుంచి ఎన్నో గాడిలో ఉందో అదీ రాసుకోండి. జెట్ల మీద అంకెలు చెక్కి ఉంటాయి. ఆ అంకెలు రంధ్రం కొలతను చెబుతాయి కనుక, మారుస్తే అదే అంకె ఉన్నదే తేవాలి.

కడగడంలో ఒక్క నియమం తప్పనిసరి: ఇత్తడి జెట్టులో ఇనుప తీగ, సూది, పిన్నీసు దూర్చవద్దు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పాళ్లు శాశ్వతంగా తప్పుతాయి. రబ్బరు రింగులు ముందే తీసి పక్కన పెట్టి, కార్బరేటరు క్లీనరు చల్లి కాసేపు నాననిచ్చి, సైకిలు పంపుతో గాలి కొట్టండి. అప్పటికీ వదలకపోతే కరెంటు తీగలోని రాగి పోగు ఒక్కటి, అతి సన్ననిది, సున్నితంగా ఆడించవచ్చు. జెట్టును ఆకాశానికి ఎత్తి చూస్తే రంధ్రం పున్నమి చంద్రుడిలా గుండ్రంగా కనిపించాలి. నెలవంకలా కనిపిస్తే ఇంకా బంక ఉన్నట్టే. ఫ్లోటును చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు కదిలిన చప్పుడు వస్తే చిల్లు పడింది, మార్చాలి. ఫ్లోటు నీడిలు మొన మీద ఉంగరంలా గీత పడి ఉంటే దానినీ మార్చాలి. గిన్నె అంచున ఉండే రబ్బరు వాచినా, పగిలినా కొత్తది వేయాలి. కడిగిన మురికి పెట్రోలును మోరీలో పోయకుండా డబ్బాలో పట్టి మెకానిక్కుకు ఇస్తే సామాన్లు కడుక్కోవడానికి వాడుకుంటాడు.

బిగించడం విప్పినదానికి తలక్రిందులు. రేసు తీగకు వేలాడే స్లైడుకు ఒక గాడి ఉంటుంది. అది లోపలి చిన్న మేకుతో కుదరాలి. కుదరకుండా నొక్కితే రేసు ఇరుక్కుపోతుంది. అందుకని ఇంజను పట్టించకముందే రేసు తిప్పి వదిలి చూడండి. టక్కున వెనక్కి రావాలి. రాకపోతే మళ్లీ విప్పవలసిందే, వచ్చేదాకా బండి ఎక్కకూడదు. తరువాత బండిని పది నిమిషాలు నడిపి వేడెక్కించి, ఐడిలింగు మరతో వేగం కొంచెం పెంచి, పైలట్ స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ ఇంజను ఎక్కడ నున్నగా, వేగంగా పలుకుతుందో అక్కడ ఆపండి. ఆపైన ఐడిలింగును తిరిగి తగ్గించండి. నూరు సీసీ బండ్లకు నిమిషానికి సుమారు 1,400 చుట్లు ఉంటే చాలు. మీటరు లేకపోయినా చెవి చెబుతుంది. ఛందస్సు నేర్చిన చెవికి గణం తప్పితే ఎలా తెలుస్తుందో, ఇంజను శ్రుతి నేర్చిన చెవికీ అలాగే తెలుస్తుంది.

ఈ విద్య అవసరం మునుపటికంటే ఇప్పుడు పెరిగిందని నా మనవి. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం దేశంలో మొదలైంది; 2025 నాటికి అదే సర్వత్రా వ్యాపించింది. ఇథనాలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. వాడకుండా నిలిపిన బండిలో ఆ తేమ కింది గిన్నెకు చేరుతుంది, లోహానికి తెల్లని పొడిలాంటి తుప్పు పట్టిస్తుంది. దానికోసం తయారుకాని పాత రబ్బర్లు వాచి గట్టిపడతాయి. నేను ఇథనాలు విధానాన్ని ఇక్కడ తర్కించడం లేదు. పాత బండిని నెలల తరబడి నిలపవలసివస్తే కాక్ మూసి, గిన్నెలోని పెట్రోలు వదిలేయండి అని మాత్రమే చెబుతున్నాను. అంత చిన్న పని అంత పెద్ద ఖర్చును తప్పిస్తుంది.

ఇక ఆక్షేపణలు. కార్బరేటరు బండ్లు గాలిని పాడుచేస్తాయి, వాటిని పట్టుకు వేలాడడమేమిటి అని కొందరు అంటారు. కొత్త బండ్లకు ఇంజెక్టరే సరైనదని నేనూ ఒప్పుకుంటాను. కానీ పాలు పోసేవాడు రేపే కొత్త బండి కొనలేడు. కొనేదాకా అతని పాత బండి నడుస్తూనే ఉంటుంది. పెట్రోలు పాలు హెచ్చి నల్లపొగ వదులుతూ, కార్బన్ మోనాక్సైడు కక్కుతూ నడవడమా, పాళ్లు కుదిరి నడవడమా అన్నదే మన చేతిలో ఉన్న ప్రశ్న. గాలి మీద ప్రేమ ఉన్నవారు ముందుగా నేర్చుకోవలసిన విద్య ఇదే.

మెకానిక్కుల పొట్ట కొట్టడం కాదా అని మరో ఆక్షేపణ. కాదు. స్లైడు అరిగినా, గొంతుకు గీతలు పడినా, నీడిలు కూర్చునే గూడు దెబ్బతిన్నా ఇంట్లో కుదరదు, అతని దగ్గరికే పోవాలి. లోపల ఏముందో తెలిసినవాడు మెకానిక్కు పనితనానికి విలువ కడతాడు. తెలియనివాడు మార్చిన సామాను ధరను మాత్రమే చూస్తాడు. మంచి మెకానిక్కుకు నష్టం చేసేది తెలిసిన గిరాకీ కాదు. ప్రతిదీ తీసిపారేసి కొత్తది తగిలించే అలవాటే అతని విద్యను చంపుతోంది. బాగుచేసే పని అడిగేవారు లేకపోతే అతని దగ్గర నేర్చుకునే పిల్లవాడు బిగించడం మాత్రమే నేర్చుకుంటాడు, రోగం కనిపెట్టడం నేర్చుకోడు.

చివరి మాట భాష గురించి. వ్యాకరణమంటేనే విడదీసి వివరించడం. పదాన్ని ప్రకృతి ప్రత్యయాలుగా విడదీయగలిగినవాడే దానిని తిరిగి సరిగా కలపగలడు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. దానిని చదువుకున్న మా తరానికి గ్రామ్యమంటే దూరం పెట్టవలసినది అని నేర్పారు. మెకానిక్కు దుకాణంలో వినిపించే భాషంతా ఆ లెక్కన గ్రామ్యమే, అన్యదేశ్యమే. పానా, కచరా, రేసు, మిస్సింగు, పికప్పు. కానీ ఈ మాటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క పరిశీలన. "జెట్టుల కచరా ఉన్నది" అన్న మూడు మాటలు బండిని లేపి నిలబెడతాయి. "ఇంధన మిశ్రణ యంత్రమున అవరోధము" అంటే ఏ బండీ లేవదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని 1962లో వ్యవసాయ పదాలతో వెలువరించారు. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. నాగలి ప్రతి భాగానికీ, మగ్గం ప్రతి కర్రకూ ఏ ప్రాంతంలో ఏమంటారో రైతులనూ నేతగాళ్లనూ అడిగి రాసుకున్నారు. నాగళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో కనుమరుగయ్యాయి, కానీ వాటి మాటలు నిలిచాయి. కార్బరేటరుకు ఆ భాగ్యం ఎవరు కలిగిస్తారు? దానిని చేతితో ఎరిగిన మెకానిక్కులు వయసు మీరుతున్నారు. వారి పిల్లలు ఇంజెక్టరు నేర్చుకుంటున్నారు, నేర్చుకోవలసిందే.

రెండువేల తొలి దశకంలో మనం తెరమీద తెలుగు రాయడం మొదలుపెట్టినప్పుడు టపా, అంతర్జాలం వంటి మాటల కోసం ఎంత వాదులాడుకున్నామో మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు లేని మాటలను పుట్టించాము. ఇప్పుడు పుట్టించవలసిన పని కూడా లేదు, ఉన్న మాటలను పట్టుకుంటే చాలు. మీ ఊరి మెకానిక్కు దగ్గర ఒక పూట కూర్చోండి. ఫ్లోటును ఏమంటాడో, జెట్టు పూడితే ఏమంటాడో, ఏ చప్పుడు వింటే ఏ భాగం విప్పుతాడో అడిగి, అతని మాటలలోనే రాసిపెట్టండి. గజ్వేల్ మాట నేను రాస్తాను. గుంటూరు మాట, కడప మాట, శ్రీకాకుళం మాట మీరు రాయండి. వీలైతే రాయడానికి ముందు ఒక్క కార్బరేటరైనా మీ చేత్తో విప్పండి. చేతికి తెలిసిన తరువాత రాసిన వాక్యానికి బలం వేరు.